తీగ లేని మౌసు – దానికి తగిన డ్రైవరు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగించుట వాడుక. ఈనాటి ఉపన్యాసమునకు విషయము మౌసు. వినాయకుని వాహనము కాదు. ల్యాప్‌టాప్ ప్రక్కన బల్లమీద తిరుగునది. ఇది కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. కాని గ్రంథాలయమునకు వచ్చువారిలో పలువురు నేడు పుస్తకముల బీరువా వంకకు పోకమునుపే ల్యాప్‌టాప్ ఉన్న బల్ల వంకకు పోవుచున్నారు. ఉద్యోగమునకు దరఖాస్తు, విద్యార్థి వేతనమునకు దరఖాస్తు, పరీక్షా ఫలితము, పొలము అడంగలు నకలు – ఇవన్నియు ఆ బల్లమీదనే తేలవలసియున్నవి. మౌసు కదలనినాడు ఆగునది ఒక్కరి పని కాదు.

కృష్ణాతీరమున ఒక గ్రామము కలదు. అచ్చటి గ్రంథాలయమునకు 2023వ సంవత్సరమున, ఆ ఊరివాడై హైదరాబాదున ఉద్యోగము చేయుచున్న యువకుడొకడు తాను వాడి విడిచిన ల్యాప్‌టాప్ నొకదానిని బహూకరించెను. యంత్రము పాతదేగాని గట్టిది. దానియందున్నది విండోస్ 7. వ్రేలితో రాయు పలక అరిగిపోయియుండుటచే కార్యవర్గమువారు చందా సొమ్ముతో పట్టణమున ఒక బ్లూటూత్ మౌసును కొనిరి. పెట్టెమీద ‘బ్లూటూత్ 5.0’ అని ఘనముగా అచ్చువేసియుండెను. ల్యాప్‌టాప్ దానిని ఎంత వెదకినను కనుగొనలేదు. దుకాణదారుడు తిరిగి తీసుకొననందున మఱియొకటి కొనిరి. అదియు అట్లే.

అంతట ఉత్సాహవంతుడైన ఒక బాలుడు ‘మౌసు డ్రైవరు’ అని ఇంటర్‌నెట్‌లో వెదకి, పెద్ద ఆకుపచ్చ మీట కనబడినచోట నొక్కి, ఏదియో దింపి ఎక్కించెను. ఆ వచ్చిన ప్రోగ్రాము మౌసును నడుపలేదు సరిగదా, ‘మీ యంత్రమున డ్రైవర్లన్నియు పాతబడినవి, సొమ్ము చెల్లించిన సరిచేయుదుము’ అని గంటకొకసారి దండోరా వేయసాగెను. అది తనంతట తాను మార్చిన డ్రైవరువలన అప్పటివరకు పనిచేయుచున్న వైఫై సైతము నిలిచిపోయెను. ఆ వారమే ఒక బాలికకు విద్యార్థి వేతనపు దరఖాస్తు తుది గడువు. గ్రంథాలయమున పని కాక ఆమె మఱునాడు పట్టణమునకు పోయెను, అచ్చట వరుస పెద్దది, గడువు దాటిపోయెను. కార్యదర్శి రెండు మౌసులను బీరువాలో పెట్టి, స్టాకు రిజిస్టరున వాని ఎదుట ‘పనిచేయవు’ అని వ్రాసెను. సర్వసభ్య సమావేశమున సొమ్ము సంగతి వచ్చినప్పుడు ఆయన తల ఎత్తలేకపోయెను.

ఇంతకును మౌసులు రెండును నిక్షేపముగా నున్నవి. ల్యాప్‌టాప్‌లోని బ్లూటూత్ పరికరమును నిక్షేపముగానే యున్నది. మూడు నిర్దోషులను నేరస్థులుగా నిలబెట్టిన ఈ వ్యవహారమున తప్పెక్కడ జరిగినదో విచారించుటయే ఈ ప్రసంగ ప్రయోజనము.

మొదట తెలియవలసినది, తీగ లేని మౌసులు రెండు తెగలని. చూపునకు రెండును ఒకటే. పని తీరు వేఱు.

మొదటి తెగ మౌసు తన రిసీవరును తానే వెంట తెచ్చుకొనును. గోరంత యుండు ఆ రిసీవరును వాడుకలో డాంగిల్ అందురు. కొన్నింటిలో అది బ్యాటరీ గూటిలోనే దాగియుండును. పెట్టెలో లేదని గోలపెట్టి, తరువాత బ్యాటరీ వేయునప్పుడు కనుగొన్నవారు అనేకులు. దానిని ల్యాప్‌టాప్ ప్రక్కనున్న యు.ఎస్.బి. రంధ్రమున పెట్టగనే మౌసు పనిచేయును. కారణమేమనగా, మౌసునకును డాంగిల్‌కును గాలిలో జరుగు సంభాషణ వారి యింటి సొంత భాష. దానితో ల్యాప్‌టాప్‌నకు నిమిత్తము లేదు. ల్యాప్‌టాప్ ఎఱిగినదల్లా, ఆ రంధ్రమున ఒక మామూలు తీగ మౌసు తగిలించబడినదని మాత్రమే. మౌసులకును, కీబోర్డులకును ఉమ్మడిగా ఏర్పడిన హెచ్.ఐ.డి. అను పద్ధతి ఒకటి యున్నది. విండోస్ కానిండు, లినక్స్ కానిండు, ఆ పద్ధతిని తనలోనే కలిగియుండును. కనుక ఈ తెగ మౌసునకు ప్రత్యేక డ్రైవరు వెదకుటయే అనవసరము.

దీనియందొక చిక్కు కలదు. డాంగిల్ పోయినచో మౌసు సాధారణముగా అనాథ యగును. ఒక మౌసు డాంగిల్ మఱియొక మౌసునకు, ఒకే కంపెనీదైనను, పనికిరాకపోవచ్చును. లాజిటెక్ కంపెనీవారు 2009లో ‘యూనిఫైయింగ్’ అను రిసీవరును తెచ్చిరి. నారింజరంగు గుర్తుగల ఆ రిసీవరునకు ఆ గుర్తే గల పరికరములు ఆరింటివరకు జతపడును. 2021లో వారే ‘బోల్ట్’ అను క్రొత్త రిసీవరును తెచ్చిరి. యూనిఫైయింగ్ మౌసు బోల్ట్‌తో మాటలాడదు, బోల్ట్ మౌసు యూనిఫైయింగ్‌తో మాటలాడదు. ఒక తండ్రి బిడ్డలే యైనను పొత్తు లేదు.

రెండవ తెగ బ్లూటూత్ మౌసు. దీనికి డాంగిల్ లేదు. ల్యాప్‌టాప్‌లో పుట్టుకతో నున్న బ్లూటూత్ రేడియోతోనే ఇది మాటలాడవలెను. డ్రైవరు ప్రసక్తియంతయు ఈ తెగకు సంబంధించినదే. మౌసును వెల్లకిల త్రిప్పి చూచినచో బ్లూటూత్ గుర్తుగాని, జతపఱచు చిన్న మీటగాని కనబడును. రెండు విధములను గల మౌసులును కలవు. వాని అడుగున ఏ విధమున పనిచేయవలెనో ఎన్నుకొను మీట యుండును. ఆ మీట డాంగిల్ వైపున నుండగా బ్లూటూత్‌లో గంటలకొలది వెదకుట కద్దు. మౌసు ఏ తెగదో తేల్చుకొనక డ్రైవరు వెదకుట, వాది ప్రతివాదుల పేర్లు కనుగొనక తీర్పు వ్రాయుటవంటిది.

బ్లూటూత్ అను పేరు వింతగా నుండును గదా. 10వ శతాబ్దమున డెన్మార్కును పాలించిన హెరాల్డ్ అను రాజునకు ‘నీలిపన్ను’ అను అర్థమిచ్చు బిరుదనామము కలదు. చీలియున్న జనులను ఏకము చేసినవాడని ఆయనకు ప్రసిద్ధి. ఎరిక్సన్, ఇంటెల్, ఐ.బి.యం., నోకియా, తోషిబా అను ఐదు సంస్థలు 1998లో కలిసి, వేర్వేరు కంపెనీల యంత్రములను ఒక భాషలో మాటలాడించుటకు సంఘముగా ఏర్పడినప్పుడు, ఇంటెల్‌కు చెందిన జిమ్ కార్డాక్ సూచించిన ఆ రాజు పేరే నిలిచినది. ఆ గుర్తు రాజుగారి పేరులోని రెండు ప్రాచీన లిపి అక్షరముల కలయిక. అనగా ఒక సంయుక్తాక్షరము.

ఈ రేడియో 2402 మొదలు 2480 మెగాహెర్ట్జుల వఱకు గల మేఱలో పనిచేయును. అది బంజరుభూమివంటిది. లైసెన్సు అక్కఱలేకుండ ఎవరైనను వాడుకొనవచ్చును. వైఫైయు, డాంగిల్ మౌసులును, వంటింటి మైక్రోవేవ్ పొయ్యియు అచ్చటనే మేయుచుండును. ఒకచోట నిలిచినచో తొక్కిసలాట తప్పదు గనుక, తొలినాటి బ్లూటూత్ ఆ మేఱను 79 బాటలుగా విభజించి, క్షణమునకు 1600 సార్లు బాట మార్చుచు గంతులిడును. ఇట్టి గంతుల ఉపాయమునకు 1942లోనే అమెరికాలో పేటెంటు పొందినవారిలో ఒకరు హెడీ లమార్ అను సినిమా తార. ఆమెయు, జార్జి అంథైల్ అను సంగీతవేత్తయు కలిసి టార్పెడోలను శత్రువు దారి తప్పింపకుండుటకై ఆ పథకము వేసిరి. పియానో మెట్లవలె అందులో 88 బాటలు.

ఇచటినుండి విషయము కొంచెము బిగియును. 2010లో బ్లూటూత్ 4.0 వెలువడినప్పుడు ‘లో ఎనర్జీ’ అను క్రొత్త శాఖ పుట్టినది. అది మిత విద్యుత్తుతో నడచును. దానివలననే మౌసు బ్యాటరీ నెలల తరబడి నిలుచుచున్నది. ఇది పాత బ్లూటూత్‌నకు మెఱుగుపెట్టిన రూపము కాదు, వేఱు భాష. బాటలు సైతము 79 కాక 40. పాత భాష మాత్రమే వచ్చిన యంత్రమునకు క్రొత్త భాష మౌసు ఎంత పిలిచినను వినబడదు. లోపముగా వినబడుట కాదు, బొత్తిగా వినబడదు.

పెట్టెమీద 3.0 అని యున్న మౌసు సామాన్యముగా పాత భాషది. బ్లూటూత్ గల ల్యాప్‌టాప్‌లన్నిటితోను, విండోస్ 7తో సైతము, అది కలియును. 4.0, 5.0 అని యున్నవి ఎక్కువగా లో ఎనర్జీ మౌసులు. వానికి రెండు షరతులు. ల్యాప్‌టాప్‌లోని రేడియో 4.0 గాని అంతకు పైది గాని కావలెను. నడుపు వ్యవస్థకును ఆ భాష రావలెను. విండోస్‌నకు ఆ భాష స్వతహాగా వచ్చినది 2012లో వెలువడిన విండోస్ 8తోనే. విండోస్ 7నకు రాదు. చిప్పు తయారీదారులు కొందఱు తమ సొంత ప్రోగ్రాములద్వారా విండోస్ 7నకు ఆ భాష నేర్పజూచిరిగాని, అవి వారి వారి చిప్పులకే పరిమితములు. వానిని నమ్ముకొని మౌసు కొనుట తగదు.

ఈ రెండు షరతులును తీరినపిమ్మట అంకెల హెచ్చుతగ్గులు పట్టించుకొననక్కఱలేదు. 5.0 మౌసు 4.0 ల్యాప్‌టాప్‌తో చక్కగా పనిచేయును. 5.3 అని వ్రాసినంతమాత్రమున తెరపై బాణము వేగముగా పరుగెత్తదు. దుకాణములలో ఆ అంకె చూపి ధర పెంచుట కేవలము బేరపు మాట.

ఇక డ్రైవరు. పూర్వము దొరలకును రైతులకును నడుమ దుభాషి యుండెడివాడు. డ్రైవరు అట్టి దుభాషి. నడుపు వ్యవస్థ చెప్పిన మాటను చిప్పునకును, చిప్పు చెప్పిన మాటను నడుపు వ్యవస్థకును అది తెలుపును. ఇచ్చట జనులు చేయు పెద్ద పొరపాటు, ఆ బాలుడు చేసినదే, ‘మౌసు డ్రైవరు’ కొఱకు వెదకుట. దుభాషి కావలసినది మౌసునకు కాదు, ల్యాప్‌టాప్‌లోని బ్లూటూత్ చిప్పునకు. మౌసు మాత్రము బ్లూటూత్ మార్గమున వచ్చినను హెచ్.ఐ.డి. పద్ధతిలోనే మాటలాడును, ఆ పద్ధతి విండోస్‌లో పుట్టుకతోనే యున్నది. మౌసు కంపెనీవారు ఇచ్చు ప్రోగ్రాము అదనపు మీటలకు పనులు అప్పగించుట మొదలగు అలంకారములకే. అది లేకున్నను బాణము కదలును, మీట నొక్కుకొనును. మౌసు పేరు పట్టుకొని డ్రైవరు వెదకినవాడు అసలైన డ్రైవరును ఎన్నటికిని చేరడు. మోసగాండ్ర ఇంటికి చేరును.

చిప్పు ఎవరిదో ఎట్లు తెలియును? స్టార్ట్ గుర్తుపై మౌసు కుడి మీట నొక్కినచో వచ్చు పట్టికలో ‘డివైస్ మేనేజర్’ అని యుండును. బాణము కదలనిచో కీబోర్డుపై విండోస్ గుర్తు మీటను, ఎక్స్ మీటను కలిపి నొక్కిన అదే పట్టిక వచ్చును. డివైస్ మేనేజర్‌లో ‘బ్లూటూత్’ శీర్షిక క్రింద చూడవలెను. ‘మైక్రోసాఫ్ట్ బ్లూటూత్ ఎల్.ఇ. ఎన్యూమరేటర్’ అను పంక్తి కనబడినచో ఆ రేడియోకు క్రొత్త భాష వచ్చునని నిశ్చయము. శీర్షికయే లేక, ‘అదర్ డివైసెస్’ క్రింద పసుపు గుర్తుతో ‘అన్‌నోన్ డివైస్’ అని యున్నచో అది దుభాషి లేని చిప్పు కావచ్చును. అదియు లేనిచో బ్లూటూత్ మీటతోనో, బయాస్‌లోనో ఆపివేయబడి యుండవచ్చును. లేదా ఆ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ చిప్పే లేకపోవచ్చును. లేని చిప్పునకు డ్రైవరు వేయుట లేని పొలమునకు పట్టా వ్రాయుటయే.

బ్లూటూత్ చిప్పు పంక్తిపై కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’, అందులో ‘డీటెయిల్స్’, అందులో ‘హార్డ్‌వేర్ ఐడ్స్’ అను వరుసన పోయినచో ఒక పొడవైన సంఖ్య కనబడును. అందు వి.ఐ.డి. అను ముక్క వెనుకనున్న నాలుగు స్థానములు తయారీదారుని ఇంటిపేరు, పి.ఐ.డి. అను ముక్క వెనుకనున్నవి వస్తువు పేరు. 8087 అనిన ఇంటెల్. 0-బి-డి-ఎ అనిన రియల్‌టెక్. 0-ఎ-5-సి అనిన బ్రాడ్‌కామ్. 0-సి-ఎఫ్-3 అనిన క్వాల్‌కామ్ అథెరోస్. 0-ఇ-8-డి అనిన మీడియాటెక్. తెరపై ఈ అక్షరములు ఇంగ్లీషున నుండును. ఇంటెల్ 8087 వెనుక ఒక చిన్న ముచ్చట కలదు. 1978 నాటి వారి 8086 ప్రాసెసరునకు గణితమున సాయపడుటకై 1980లో వచ్చిన చిప్పు పేరు 8087. పాత పేరు క్రొత్త పద్దులలో ఇట్లు నిలిచినది.

భూమికి సర్వే నంబరు ఎట్టిదో చిప్పునకు ఈ సంఖ్య అట్టిది. ‘చెఱువు క్రింది పొలము’ అనిన తగవు తెగదు, నంబరు చెప్పిన తెగును. ‘ఫలానా కంపెనీ ల్యాప్‌టాప్’ అనినను అంతే. ఒకే పేరుగల మోడలులో ఒక యంత్రమునకు ఇంటెల్ చిప్పు, వేఱొక యంత్రమునకు రియల్‌టెక్ చిప్పు ఉండుట సాధారణము. ప్రక్క ఇంటివాని ల్యాప్‌టాప్‌లో పనిచేసిన డ్రైవరును పెన్‌డ్రైవులో తెచ్చుకొని చెఱచుకొన్నవారు ఇందుకే చెఱచుకొనిరి.

మఱియొక భ్రాంతి. వైఫైయు, బ్లూటూత్‌ను ల్యాప్‌టాప్‌లో ఎక్కువగా ఒకే చిన్న పలకపై నుండును. కాని లోపల అవి రెండు వాకిళ్ల ఇల్లు. వైఫై భాగము సాధారణముగా పి.సి.ఐ. మార్గమునను, బ్లూటూత్ భాగము యు.ఎస్.బి. మార్గమునను కలుపబడియుండును. రెంటికి వేర్వేరు డ్రైవర్లు. వైఫై నడచుచున్నది గనుక బ్లూటూత్ డ్రైవరును ఉన్నట్లే యని తలంపరాదు.

డ్రైవరు ఎచటినుండి తేవలెను? మొదట విండోస్ అప్‌డేట్‌నే అడుగవలెను. అందు ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ అను మూలను సైతము చూడవలెను. తీరనిచో ల్యాప్‌టాప్ తయారీదారుని సొంత వెబ్‌సైటున, యంత్రము అడుగున అంటించిన చీటీపైనున్న మోడలు సంఖ్యతో వెదకవలెను. అదియు చాలనిచో చిప్పు తయారీదారుని వద్దకు పోవలెను. ఇంటెల్‌వారు తమ బ్లూటూత్ డ్రైవర్లను నేరుగా ఇచ్చుచున్నారు, కొందఱు తయారీదారులు ల్యాప్‌టాప్ కంపెనీద్వారానే ఇత్తురు. నాలుగవ ఇల్లు లేదు. ‘అన్ని డ్రైవర్లు ఉచితము’ అను బోర్డు కట్టిన సైటులును, డ్రైవర్లను తామే సరిచేయుదుమను ప్రోగ్రాములును దూరముగా నుంచవలసినవి. డ్రైవరనగా యంత్రపు గర్భాలయమున కాలుపెట్టు అధికారముగల ప్రోగ్రాము. అచ్చటికి ఊరు పేరు తెలియనివానిని పంపినచో, ఆ యంత్రముపై ఆధారు సంఖ్యయు, బ్యాంకు ఖాతా సంఖ్యయు నింపిన ప్రతి గ్రామస్థుని గుట్టును వాని చేతికిచ్చినట్లగును. ఒక మౌసు కదలకపోవుట చిన్న నష్టము. ఇది అట్టిది కాదు.

క్రొత్త తేదీగల డ్రైవరే మంచిదను నియమమును లేదు. నిన్నటివఱకు నడచిన మౌసు అప్‌డేట్ అయిన మఱునాడు నిలిచినచో, డివైస్ మేనేజర్‌లోని ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ అను మీట పాత డ్రైవరును తిరిగి నిలుపును. బ్లూటూత్ శీర్షిక ఒకనాడు అకస్మాత్తుగా మాయమైనచో వెంటనే డ్రైవరు వెదకక, షిఫ్ట్ మీట పట్టుకొని ‘షట్ డౌన్’ చేసి, ఛార్జరు తీసి, కొంతసేపాగి మరల వేయవలెను. మామూలు షట్ డౌన్‌లో విండోస్ పూర్తిగా నిద్రపోదు. షిఫ్ట్‌తో చేసినప్పుడే నిజముగా పడుకొనును. చిప్పునకు పట్టిన మొండితనము అంతమాత్రమున వదలుట తఱచు.

ఆధారములన్నియు సరిపోయిన తరువాత జతపఱచుట. ఇది శకుంతలా దుష్యంతుల ఉంగరపు కథ. మొదటిసారి కలిసినప్పుడు మౌసును ల్యాప్‌టాప్‌ను ఒక రహస్య ముద్రికను పంచుకొనును. పిమ్మట ఆ ముద్రిక చూచియే ఒకరినొకరు గుర్తించును. మౌసును వేఱొక ల్యాప్‌టాప్‌తో జతపఱచినచో పాత ముద్రిక పోవును. ఇంటికి తిరిగివచ్చినప్పుడు పాత ల్యాప్‌టాప్ దానిని ఎఱుగనట్లే చూచును. పేరు మాత్రము పట్టికలో ఉండనే యుండును, అదియే జనులను మోసగించునది. అప్పుడు డ్రైవరు జోలికి పోక, పట్టికలో ఆ పేరును ‘రిమూవ్ డివైస్’ అని తొలగించి, మౌసు అడుగు మీటను దీపము వడివడిగా మినుకుమనువఱకు నొక్కిపట్టి, ‘యాడ్ డివైస్’ అని క్రొత్తగా కలుపవలెను. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండును ఉంచుకొన్నవారికి సైతము ఇదే తగవు వచ్చును. ఒకదానిలో జతపఱచిన ముద్రిక రెండవదానికి తెలియదు. అడుగున 1, 2, 3 అని అంకెలుగల మౌసులు మూడు యంత్రముల ముద్రికలను వేఱువేఱుగా దాచుకొనును; వానికి ఈ బాధ తక్కువ.

జతపడిన మౌసు తడబడుచు నడచుట వేఱు రోగము. బ్యాటరీ సంగతి చెప్పనక్కఱలేదు. ‘డివైస్ మేనేజర్’లో బ్లూటూత్ చిప్పు ప్రాపర్టీస్‌లో ‘పవర్ మేనేజ్‌మెంట్’ అను పుట యున్నచో, విద్యుత్తు పొదుపుకై ఆ పరికరమును ఆపివేయుటకు ఇచ్చిన అనుమతిని తీసివేయవలెను; కొంచెముసేపు విడిచిన తరువాత మౌసు మేల్కొనుటకు జాగుచేయుట దానివలననే తఱచు కలుగును. డాంగిల్ మౌసు తడబడుటకు వేఱొక కారణము కలదు. యు.ఎస్.బి. 3.0 పరికరములు పనిచేయునప్పుడు 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతమున రొద చేయునని ఇంటెల్‌వారే 2012లో ప్రకటించిరి. కనుక హార్డ్ డిస్కు తగిలించిన నీలి రంధ్రము ప్రక్కనే డాంగిల్ పెట్టరాదు. ల్యాప్‌టాప్ రెండవ వైపున పెట్టవలెను.

బ్లూటూత్ లేని ల్యాప్‌టాప్‌నకు బయటి బ్లూటూత్ ముక్కను కొని తగిలింపవచ్చును. లోపల ఇదివరకే ఒకటి యున్నచో దానిని ముందుగా ‘డిసేబుల్’ చేయవలెను. ఒకేసారి ఇద్దఱు దుభాషులను విండోస్ సహింపదు. బజారున చౌకగా దొరకు ముక్కలలో సి.ఎస్.ఆర్. చిప్పుగా చెప్పుకొనుచు నకిలీవైనవి పెక్కులు కలవు. వానివలని చిక్కులు తీర్చుటకై లినక్స్ కెర్నెల్‌లో ప్రత్యేకముగా సవరణలు వ్రాయవలసివచ్చినది.

గ్రంథాలయములు ఏ తెగ మౌసు కొనవలెనన్న ప్రశ్న కలదు. పలువురి చేతులు తగులుచోట, ఒకే బల్లమీద కదలక యుండు యంత్రమునకు తీగ మౌసే ఉత్తమము. దానికి బ్యాటరీ లేదు, జత లేదు, తగవు లేదు. తీగ లేనిదే కావలెనన్నచో డాంగిల్ మౌసు సులభమైనది, డాంగిల్ పోకుండ కాపాడుకొన్నంతవఱకు. అయితే బాస్టిల్ అను సంస్థలోని పరిశోధకులు 2016లో, పలు కంపెనీల డాంగిల్ మౌసులద్వారా దూరముననున్నవాడు యంత్రమునకు దొంగ మీటలు నొక్కినట్లు చేయవచ్చునని చూపిరి. బ్లూటూత్ మౌసులు ఆ లోపమునకు గుఱికాలేదు. కనుక అంతకు పూర్వపు డాంగిల్ మౌసు ఎవరైన ఉచితముగా ఇచ్చినను, డబ్బు వ్యవహారము నడచు యంత్రమునకు తగిలింపకుండుట మేలు.

ఆ కృష్ణాతీరపు గ్రంథాలయమునకు 2024లో సెలవులకు వచ్చిన ఒక ఇంజనీరింగు విద్యార్థి పై క్రమమున విచారణ జరిపెను. మౌసులు లో ఎనర్జీ తెగవి. చిప్పు సంఖ్యలో 8087 కనబడినది; ఇంటెల్ పలక, బ్లూటూత్ 4.0. నేరము మిగిలినది విండోస్ 7 మీదనే. దానికి మైక్రోసాఫ్ట్‌వారు 2020 జనవరి 14తోనే రక్షణ నిలిపివేసిరి గనుక, మౌసు మాట ఎట్లున్నను, దరఖాస్తులు నింపుటకు అది తగినది కాదు. విండోస్ 11 ఆ పాత ప్రాసెసరును ఒప్పుకొనదు. విండోస్ 10నకు 2025 అక్టోబరు 14తో గడువు ముగియునని అప్పటికే ప్రకటనయై యుండెను. కనుక కార్యదర్శి అనుమతితో ఆతడు యంత్రమును పూర్తిగా తుడిచి, ఆ ఆకుపచ్చ మీట తెచ్చిన ప్రోగ్రాముతో సహా, లినక్స్ మింట్‌ను ఎక్కించెను. ఇంటెల్ పలకకు కావలసిన డ్రైవరు అందులోనే యున్నది. లినక్స్‌నందలి బ్లూటూత్ విభాగము 2001 నుండి కెర్నెల్‌తోనే వచ్చుచున్నది. మౌసును త్రిప్పి మీట నొక్కినంతనే తెరపై దాని పేరు కనబడెను. వెంటనే రెండవది. అదియు కనబడెను.

కార్యదర్శి స్టాకు రిజిస్టరు తెప్పించి ‘పనిచేయవు’ అను మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి, తేదీ వేసి సంతకము చేసెను. ఒక మౌసు బల్లమీద నున్నది. రెండవది బ్యాటరీ తీసి బీరువాలో ఉంచబడినది. గడువు తప్పిన ఆ బాలిక 2024–25 విద్యా సంవత్సరపు దరఖాస్తును ఆ బల్లయొద్దనే కూర్చుండి, తుది దినమునకు పదునొకండు దినములు ముందుగా పంపెను.